కొట్టులో లేని మాట

ఆ బట్టల కొట్టులో దొరకని గుడ్డ ఉండవచ్చు గానీ, "లేదు" అనే మాట మాత్రం ఎవరికీ వినిపించదు. షావుకారు పెట్టిన కట్టుబాటు అది. వచ్చినవారు ఏ రంగు అడిగినా, ఏ నేత అడిగినా గుమాస్తా నుదురు చిట్లించకూడదు. "వస్తుందండీ, దారిలో ఉంది. ఈలోగా ఇవి చూడండి, చూడడానికేముంది!" అనాలి. అని ఊరుకుంటే చాలదు, వెంటనే తానులు దించి బల్ల మీద దొర్లించాలి. అడగని గుడ్డలన్నీ కళ్ళ ముందు పరుచుకునేసరికి చాలామంది వచ్చిన పని మరిచిపోయి ఏదో ఒకటి కొనుక్కుని వెళతారు. మిగిలినవారు వచ్చే వారం మళ్ళీ వస్తారు.

షావుకారు కుర్రతనంలో ఒక పెద్ద కొట్టులో తానులు మడతపెడుతూ నేర్చుకున్న విద్య ఇది. ఆ విద్యతోనే సొంత కొట్టు పెట్టాడు, దానికి అద్దాల తలుపులు బిగించాడు. ఊరికి గుడ్డ సరఫరా చేసే టోకు వ్యాపారితో వియ్యమందితే వీధి చివర ఇంకో పెద్ద కొట్టు తెరవచ్చని ఆయన ఆశ. ఎవరినీ నొప్పించని మనిషని పేరు కూడా తెచ్చుకున్నాడు.

ఇందులో తప్పేముంది, వ్యాపారమన్నాక ఆమాత్రం లౌక్యం ఉండొద్దా అని మీరనవచ్చు. కొట్టు వరకైతే సరే. కానీ ఆ లౌక్యం చెప్పులైనా విడవకుండా ఇంట్లోకి కూడా నడిచి వచ్చింది. ఒక ఆడపిల్ల మంచి వయసును అది ఎలా తినేసిందో చెప్పడానికే ఈ కథ.

ఆ పిల్ల షావుకారు ఒక్కగానొక్క కూతురు. ఇంట్లో అందరూ అమ్మడూ అని పిలుస్తారు. చదువు అయ్యాక కొట్టులో లైనింగు గుడ్డల బల్ల దగ్గర కూర్చునేది. వీధికి అటువైపు మేడమెట్ల కింద ఒక టైలరు ఉన్నాడు. మెడలో టేపు ఎప్పుడూ తియ్యడు, నిద్రలో కూడా తియ్యడని పిల్లలు వేళాకోళం చేసేవారు. కోటుకు లైనింగు కావాలన్నప్పుడల్లా బొటనవేలంత గుడ్డముక్క పట్టుకుని వచ్చేవాడు. దీపాల వెలుగులో రంగు మోసం చేస్తుంది కనుక ముక్కనీ తానునీ గుమ్మంలోకి తీసుకెళ్ళి పగటి వెలుతురులో పోల్చి చూడాలి. ఆ పోల్చడం ఇద్దరూ కలిసి చేసేవారు. రానురాను కోట్లు కుట్టించుకునేవారు లేని ఎండాకాలంలో కూడా అతనికి లైనింగు అవసరం పడసాగింది.

"తెల్లగుడ్డకి తెల్ల లైనింగు వెతకడానిక్కూడా వెలుతురు కావాలా అమ్మా?" అని పెద్ద గుమాస్తా ఒకరోజు నవ్వు ఆపుకుంటూ అడిగాడు.

"తెలుపులో ఎన్ని రకాలున్నాయో మీకేం తెలుసు బాబాయ్!" అంది అమ్మడు. అన్నదే గానీ, చెవులు ఎర్రబడ్డాయి.

దాగుడుమూతలు ఆమెకు చేతకావు. ఒక సాయంత్రం తండ్రి కాఫీ తాగుతుండగా ఎదురుగా కూర్చుని, ఆ టైలరునే పెళ్ళి చేసుకుంటానని చెప్పేసింది. తల్లి గుండె చేత్తో పట్టుకుంది. షావుకారు కప్పు కింద పెట్టి, కూతురి తల నిమిరి, "చూద్దాం అమ్మడూ, తొందరేముంది!" అన్నాడు.

అమ్మడు ఆ మాటకు ఎగిరి గంతేసింది. పుట్టినప్పటినుంచి ఆ కొట్టులో పెరిగిన పిల్ల! ఆ చిరునవ్వుకు, ఆ తియ్యటి మాటకు అర్థం ఊళ్ళో అందరికన్నా ఆమెకే బాగా తెలియాలి. కానీ ఆశపడి అడిగేది మనమే అయినప్పుడు, తెలిసిన కిటుకులు కూడా కంటికి ఆనవు.

టైలరు కూడా వచ్చి అడిగాడు. షావుకారు కుర్చీ వేయించి, మంచినీళ్ళు ఇప్పించాడు. "చూద్దాం బాబూ. ముందు నువ్వు నాలుగు రాళ్ళు వెనకేసుకో" అంటూ బడిపిల్లల దుస్తులు కుట్టే పని కూడా ఇప్పించాడు. అతను పొంగిపోయి, "మీ నాన్నగారిది ఎంత మంచి మనసో!" అన్నాడు అమ్మడితో. పొరుగూరి పెద్ద కుట్టుకేంద్రం వాళ్ళు కత్తిరింపు మాస్టరుగా రమ్మని పిలిస్తే, ఇక్కడ మాట తేలేదాకా కదలనని చెప్పి పంపాడు.

మాట తేలలేదు. దానికి బదులు ఇంట్లో సంబంధాలు పరుచుకున్నాయి. ముందుగా టోకు వ్యాపారి కొడుకు ఫోటో వచ్చింది. "నచ్చకపోతే వద్దులే తల్లీ, చూడడానికేముంది!" అన్నాడు షావుకారు. అమ్మడు చూసింది, వద్దంది. ఆయన ముఖంలో కోపం లేదు. మరో ఫోటో వచ్చింది. అదీ వద్దంది. "మరి నేనడిగిన మాట ఏమైంది నాన్నా?" అంటే, "అదీ చూద్దాం" అన్నాడు. అరిచి ఉంటే ఆమె కూడా అరిచేది. తలుపు గడియపెడితే తలుపు బాదేది. ఇంత మెత్తగా అడ్డుపడే మనిషితో ఎలా పోట్లాడాలో ఆ పిల్లకు తెలియలేదు.

కొట్టులోకి గొడుగు గుడ్డలు వచ్చి వెళ్ళాయి, ఉన్ని తానులు వచ్చి వెళ్ళాయి, మళ్ళీ పలచటి నూలు గుడ్డలు వచ్చాయి. ఇలాగే ఏళ్ళు తిరిగాయి. అమ్మడిని లైనింగు బల్ల నుంచి లోపలి పరదాల బల్లకు మార్చారు. అక్కడి నుంచి వీధి కనిపించదు. అతని కుట్టుమిషను చప్పుడు మాత్రం జనం తగ్గిన వేళ సన్నగా వినిపించేది. ఆ చప్పుడు ఆగితే, అతను తలెత్తి ఇటు చూస్తున్నాడని అనుకునేది. మళ్ళీ మొదలైతే, తను కనబడలేదని తల వంచుకున్నాడనుకునేది. తోటి ఆడపిల్లలు బిడ్డలనెత్తుకుని గౌను గుడ్డలకు వస్తే తనే ఆ బల్ల దగ్గరికి వెళ్ళి నవ్వుతూ చింపి ఇచ్చేది. వాళ్ళు వెళ్ళాక ఆ తాను చుట్టడానికి చాలాసేపు పట్టేది. అతని కోసం ఆమె ఎంత బెంగపడిందో చెప్పడానికి నాకు పెద్ద మాటలు లేవు, చాలా బెంగపడింది.

ఆ కొట్టుకు ఒక పంతులమ్మగారు వస్తుండేవారు. అమ్మడికి చిన్నప్పుడు చదువు చెప్పినావిడే. ఆమె అడిగేది ఒకే గుడ్డ. ఆకుపచ్చ మీద తెల్ల చుక్కలు. చిన్నతనంలో ఆమె, వాళ్ళక్క ఒకే తానులోంచి ఆ గౌన్లు కుట్టించుకున్నారట. అక్క ఇప్పుడు మంచం పట్టింది. అలాంటి గుడ్డ మళ్ళీ ఒంటిమీద వేసుకోవాలని ముచ్చటపడుతోంది. వచ్చినప్పుడల్లా షావుకారు, "దారిలోనే ఉందండీ!" అనేవాడు. నిజానికి ఆయన ఆ గుడ్డ కోసం ఎవరికీ కబురే పంపలేదు.

ఒకరోజు పొద్దున్న ఆమె రాగానే షావుకారు ఎదురువెళ్ళాడు. "రండి పంతులమ్మగారూ, ఈ వారం తప్పకుండా..."

"ఇక తెప్పించకండి షావుకారుగారూ. అక్క పోయింది."

కొట్టులో కత్తెరల చప్పుడు ఆగింది. షావుకారు ఏదో సానుభూతి చెప్పబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"మిమ్మల్నేం అనను. ఒక్క మాట అడుగుదామని వచ్చాను. దొరకదని మొదటిరోజే చెప్పొచ్చుగా? ఏ నీలమో తీసుకెళ్ళి కుట్టించేదాన్ని. అదే తొడుక్కుని మురిసిపోయేది, పిచ్చిది. మీరు వస్తుందన్నారు కదా అని రోజూ గుమ్మం వంక చూసింది."

కోపంగా అనలేదు. బడిలో పాఠం అప్పజెప్పించుకున్నట్టు నెమ్మదిగా అడిగి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

పరదాల బల్ల దగ్గర అమ్మడి చేతిలో మీటరు బద్ద అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ తను ఏ వరసలో నిలబడి ఉందో ఆ క్షణంలో ఆమెకు అర్థమైంది. బద్ద కింద పెట్టి తండ్రి ముందుకు వచ్చింది.

"నాన్నా, నాకు లేదని చెప్పు."

"ఏమిటమ్మడూ, ఇక్కడా..."

"ఇక్కడే. నేనడిగింది ఇవ్వనని చెప్పు. వస్తుందని చెప్పకు, చూద్దామనకు. ఎందుకివ్వవో కూడా చెప్పు."

"నీ మంచి కోసమేనే..."

"కారణం అడిగాను నాన్నా. తాగుతాడా? పని ఎగ్గొడతాడా? ఎవరినైనా మోసం చేశాడా? పైకి చెప్పు, నేనూ వింటాను."

తప్పించుకోవడానికి షావుకారుకు ఆ రోజు మాట దొరకలేదు. ముఖం కందిపోయింది. "లేదు! ఇవ్వను!" అని అరిచాడు. "వాడు టైలరు. మెట్ల కింద కూర్చుని కుట్టేవాడు. నలుగురిలో వాణ్ణి నా అల్లుడని ఎలా చెప్పుకోను?"

చుట్టూ అరల నిండా గుడ్డే. ఆ గుడ్డ ఎవరో ఒకరు కుడితేనే ఒంటిమీదికి వస్తుందని, కుట్టేవాళ్ళు లేని రోజున తన కొట్టు తలుపు తెరవనక్కర్లేదని ఆయనకు తెలియదా? తెలుసు. అందుకే ఇన్నాళ్ళూ ఆ కారణాన్ని నోరు దాటనివ్వలేదు. ఇప్పుడు అది బయటికి వచ్చి గుమాస్తాలందరి ముందు నిలబడింది. ఎవరూ తలెత్తలేదు. ఆయన చెవులకే ఆ మాట చాలా చిన్నదిగా వినిపించింది.

అమ్మడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఈ మాట ముందే చెప్పుంటే అప్పుడే ఏడ్చి, నా దారి నేను చూసుకునేదాన్ని నాన్నా. నీ చేత అవుననిపించుకుని వెళ్ళాలని కూర్చున్నాను. ఇక కూర్చోను" అని అద్దాల తలుపు తోసుకుని వీధి దాటింది. మిషను చప్పుడు ఆగింది. మళ్ళీ చాలాసేపు మొదలవలేదు.

రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి జరిగింది. పంతులమ్మగారు సాక్షి సంతకం చేశారు. తల్లి వెళ్ళింది. తండ్రి వెళ్ళలేదు. టోకు వ్యాపారి రాకపోకలు తగ్గాయి. మెట్ల కింద రెండో మిషను చేరింది.

అప్పటినుంచి షావుకారుకు ఒక కొత్త అలవాటు పట్టుకుంది. ఏదో ఒక తాను చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వెళ్ళి, వెలుతురులో చూస్తున్నట్టు నిలబడేవాడు. చూపు మాత్రం వీధికి అటు ఉండేది. కూతురు తల వంచుకుని కుడుతూంటే, ఒక్కసారి ఇటు చూడదా అని గుండె పీకేది. చూస్తుందేమోననిపిస్తే చటుక్కున లోపలికి వచ్చేసేవాడు.

"తెల్లగుడ్డే కదండీ, ఎన్నిసార్లు చూస్తారు?" అన్నాడు పెద్ద గుమాస్తా మెల్లిగా. షావుకారు ఆ తాను చుట్టి అరలో పెట్టేశాడు.

"అమ్మాయి ఒక్కసారి రమ్మంటోంది. వెళ్తారా?" అని భార్య అడిగితే, "చూద్దాం" అన్నాడు.

"ఆ మాట కొట్టులో పెట్టుకోండి. నాతో వెళ్తాననో వెళ్ళననో చెప్పండి" అని ఆవిడ లేచి వెళ్ళిపోయింది.

ఆయన చేసింది ఒక్కటే. ఆకుపచ్చ మీద తెల్ల చుక్కల గుడ్డ కోసం ఈసారి నిజంగా కబురు పంపాడు. అది వచ్చిన రోజు స్వయంగా పంతులమ్మగారింటికి పట్టుకెళ్ళాడు. ఆమె దాన్ని చాలాసేపు నిమిరి, తిరిగి ఆయన చేతుల్లో పెట్టింది.

"తొడుక్కునే మనిషి లేదు కదా, నేనేం చేసుకోను? మీ దగ్గర అడిగినవాళ్ళు ఇంకొకరున్నారు. వాళ్ళకివ్వండి. ఇంకా మీ గుమ్మం వంక చూస్తూనే ఉన్నారు."

షావుకారు అక్కడినుంచి తిన్నగా మెట్ల దగ్గరికే వచ్చాడు. ఎదురుగా తన కొట్టు అద్దాల వెనక గుమాస్తాలు, కొనేవాళ్ళు నిలబడి చూస్తున్నారు. పక్కింటి గడియారాల దుకాణం ఆయన కూడా బయటికి వచ్చాడు.

"ఏం షావుకారుగారూ, గుడ్డ పట్టుకుని మీరే బయల్దేరారు, ఎవరి చేత కుట్టిస్తున్నారేంటి?"

మిషన్లు రెండూ ఆగాయి. అమ్మడు కుడుతున్న గుడ్డ చేత్తో పట్టుకుని లేచి నిలబడింది. షావుకారు నాలుక ఏళ్ళ తరబడి అలవాటు కొద్దీ తప్పించుకునే మాట కోసం వెతికింది. ఆయన గొంతు సవరించుకుని, వీధికి ఆ చివర దాకా వినిపించేలా చెప్పాడు.

"ఎవరేమిటండీ! మా అమ్మాయికి గౌను. మా అల్లుడు కుడతాడు."

అమ్మడు ఏడ్చింది, నవ్వింది. అల్లుడు కంగారులో కుర్చీ కోసం వెతికి, దొరక్క తన పీటే ముందుకు తోశాడు. షావుకారు దాని మీదే కూర్చున్నాడు.

బిడ్డ అడిగింది ఇవ్వడానికి మనసు రాని తల్లిదండ్రులారా, ఎందుకు రాదో నలుగురి ముందు పైకి చెప్పి చూడండి. ఆ కారణం చెప్పడానికి మీకే సిగ్గేస్తే, వాళ్ళ వయసును మీ గుమ్మంలో నిలబెట్టకుండా దారి వదలండి.