డ్వేన్ ఎన్నడూ చూడని పావుగంట

డ్వేన్ కుబిచెక్‌కి అభిప్రాయం లేని ఆట ఈ దేశంలో లేదు. బేస్‌బాల్‌లో బంతి వేసేవాడికి గడియారం పెట్టడం తప్పు. అన్నం తినేవాడి నెత్తిన నిలబడి గంట కొట్టినట్టుంటుంది. బాస్కెట్‌బాల్ వాళ్ళు దుక్కల్లా ఉండి కూడా విశ్రాంతి పేరుతో బెంచీ మీద కూర్చోవడం అంతకన్నా తప్పు. అన్నేళ్ళు డెయిరీ నడిపాడు, ఇవాళ నాకు విశ్రాంతి అని ఆవులకి ఒక్కరోజైనా చెప్పాడా? మంచు పడని ఎడారి ఊళ్ళకి హాకీ జట్లెందుకు? ఒక్కో మ్యాచ్ చూడ్డానికి ఒక్కో యాప్‌కి డబ్బు కట్టమనడం ఏం న్యాయం? భార్య ఆర్డిస్ ఇవన్నీ వింటూనే ఉంది. కొత్త తప్పులు వచ్చి చేరుతున్నాయి గానీ, పాతవి ఒక్కటీ కొట్టేయడం లేదు.

ఇంట్లో ఒక్క మనిషికి చెబితే తనివి తీరదు కనక సోమవారం సాయంత్రాలు స్థానిక రేడియోకి ఫోన్ చేస్తాడు. ఆటల కార్యక్రమం నడిపే రస్టీ, "లైన్లో మన డ్వేన్ ఉన్నాడు, చెవులు జాగ్రత్త" అంటాడు. ఊళ్ళో సగం మంది ఆ సమయానికి వంట చేస్తూనో, ట్రాక్టర్ కడుగుతూనో వింటారు.

అన్ని ఆటలూ ఒకెత్తు, ప్లాట్ స్టేట్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఒకెత్తు. ఆ జట్టు పేరు కొంగలు. కొంగలు గెలిస్తే డ్వేన్‌కి ఆకలి ఎక్కువ, ఓడితే నోరు ఎక్కువ. ఈ అక్టోబర్లో ఓటమి కన్నా పెద్ద దెబ్బ తగిలింది. బంతి విసిరే కుర్రాడు బ్రైసన్, జట్టుకి ప్రాణం లాంటివాడు, సీజన్ సగంలో చేతులెత్తేశాడు. ఇక ఈ ఏడు ఆడడట, వచ్చే ఏడు ఆటగాళ్ళకి ఎక్కువ డబ్బిచ్చే వేరే కాలేజీకి పోతాడట.

ఆ సోమవారం డ్వేన్ గొంతు రేడియోలో వణికింది. కాలేజీ పిల్లలకి జీతాలు వద్దని తను ఏనాడూ అనలేదన్నాడు. కానీ కాళ్ళకి చక్రాలు కట్టుకుని ఏడాదికో కాలేజీ మారేవాళ్ళని మావాళ్ళే అని ఎట్లా అనుకోవాలి, ఎవరి పేరున్న చొక్కా కొనుక్కోవాలి అని అడిగాడు. అక్కడితో ఆగితే బాగుండేది.

"ఈ ఏడు ఇంక ఆ స్టేడియంలో కాలు పెట్టను. పెడితే చలికాలమంతా మెర్విన్ పందుల కొట్టం నేనే కడుగుతాను."

పక్క పొలం మెర్విన్ వెంటనే రేడియోకి ఫోన్ చేసి, ఊరంతా వింటుండగా, పందుల తరఫున కృతజ్ఞతలు చెప్పాడు.

వంటింట్లో ఆర్డిస్ స్టవ్ మీద చిల్లీ, అంటే మాంసం చిక్కుళ్ళ కారం కూర, కలుపుతోంది. చేతిలో గరిటె ఆగిపోయింది. వచ్చే శనివారం పాత విద్యార్థులంతా కాలేజీకి తిరిగొచ్చి చూసే మ్యాచ్. ఏటా ఆ రోజు ఆట విరామంలో పాత బ్యాండువాళ్ళు ఎర్ర స్వెట్టర్లు వేసుకుని మైదానంలో కవాతు చేస్తారు. చదువుకునే రోజుల్లో ఆర్డిస్ ఆ బ్యాండులో ట్రోంబోన్, అంటే ముందుకీ వెనక్కీ తోసే గొట్టమున్న పొడుగాటి బాకా, వాయించేది. పెళ్ళయ్యాక ప్రతి ఏడూ గ్యాలరీలోనే కూర్చుంది, డ్వేన్ సీటు మీద డ్వేన్ కోటు పరిచి, ఎవరూ ఆక్రమించకుండా కాపలా కాస్తూ. ఈ వేసవిలో పాత స్నేహితురాలు ట్రూడీ ఫోన్ చేసి, మన వరసలో ఇద్దరు పోయారే, ఇప్పుడు రాకపోతే ఇంకెప్పుడొస్తావు అంది. ఆర్డిస్ మంచం కింద నుంచి ట్రోంబోన్ పెట్టె లాగింది. రెండు నెలలుగా గరాజ్‌లో సాధన చేస్తోంది. డ్వేన్ ఒక్కసారి చూస్తే చాలని ఆమె కోరిక. చూడమని మాత్రం అడగదు. అడిగి చూపించుకునే దానిలో ఏముంది?

బుధవారం ఆమె స్వెట్టర్ బిగుతు చూసుకుంటుంటే డ్వేన్ గుమ్మంలో ఆగాడు, ఎక్కడికి అని.

"శనివారం, మైదానంలోకి. ఆగస్టులో చెప్పాను."

"ఎప్పుడు చెప్పావు?"

"నువ్వు టీవీలో అంపైర్‌ని తిడుతున్నప్పుడు."

"అప్పుడు చెబితే నాకేం వినిపిస్తుంది?"

"నువ్వు తిట్టని టైము చూసి చెప్పాలంటే క్రిస్మస్ వస్తుంది."

డ్వేన్ గడ్డం గోక్కున్నాడు. గరాజ్‌లోంచి వచ్చే ఆ చప్పుడు హీటర్‌దనుకుని, మనిషిని పిలిపించి చూపిద్దామనుకుంటున్నాడట. ఆర్డిస్ ఆ మాటని నవ్వకుండా మింగింది.

"సరే, టీవీలో చూస్తాలే," అన్నాడు.

"టీవీలో బ్యాండుని చూపించరు. కోట్లేసుకున్న ముగ్గురు బల్ల ముందు కూర్చుని మాట్లాడతారు. మిగతాది టైర్ల ప్రకటన."

"పోనీ రేడియో?"

"విత్తనాల ప్రకటన."

"నీకెలా తెలుసు? ఇన్నేళ్ళుగా ప్రతి మ్యాచ్‌కీ స్టేడియంలోనే ఉన్నాం కదా."

"నా చెల్లెలు ఏటా చూడబోయి చెబుతుంది. స్టేడియంలో ఉన్న నువ్వే చూడలేదు, ఇంట్లో ఉన్నవాళ్ళకేం కనిపిస్తుంది?"

"నేను చూడకపోవడమేమిటి?"

"విరామం మొదలవగానే హాట్‌డాగ్ క్యూలోకి పోతావు. బంతి మళ్ళీ లేచేసరికి ఆవ సాస్ మూతికి పూసుకుని వస్తావు. ఒక్క ఏడు బ్యాండు ఏం వాయించిందో చెప్పు."

రేడియోలో మాటిచ్చేశాను, ఊరంతా విన్నది అని డ్వేన్ గొణిగాడు. ఇచ్చిన మాట నిలబెట్టుకో, నిన్ను రమ్మని ఎవరన్నారు అంది ఆమె. అని, గరాజ్‌లోకి పోయి తలుపు గట్టిగానే వేసుకుంది.

శనివారం అతనే ట్రక్కు నడిపాడు. స్టేడియం బయట పార్కింగ్‌లో ఎప్పటిలాగే గ్రిల్లు వెలిగించి, చిల్లీ గిన్నె, దాల్చినచెక్క రొట్టెలు దించాడు. మెర్విన్ ఓ కొత్త పార తెచ్చి, రిబ్బను కట్టి, ట్రక్కుకి ఆనించాడు. "నీ సైజు చూసి కొన్నాన్రా," అన్నాడు. డ్వేన్ ఆ పార వైపు చూడకుండా సాసేజ్‌లు తిప్పాడు. ఆర్డిస్ పెట్టె తీసుకుని వెళుతుంటే, పెదాలు పగలకుండా ఏదైనా రాసుకో, చలిగా ఉంది అన్నాడు. అంతే.

విరామం విజిల్ పడింది. మైదానం అంచున వరసలో నిలబడి ఆర్డిస్ స్వెట్టర్ అంచు కిందికి లాక్కుంది. కుర్రకారు బ్యాండు వెనక పాతవాళ్ళు. కొందరికి కొత్త మోకీళ్ళు, ఒకాయనకి మెడలో కళ్ళజోడు తాడు. డోళ్ళు లేచాయి. అడుగు పడగానే ఆమె ఒళ్ళు తనంతట తనే దారి పట్టింది.

చూడకూడదనుకుంటూనే చూసింది. వాళ్ళ సీట్లు ఎక్కడో ఆమెకి నిద్రలో కూడా తెలుసు. డ్వేన్ సీటు ఖాళీ. పక్కవాళ్ళెవరో దాని మీద చిప్స్ సంచీ పెట్టారు. సరే, అనుకుంది. మాట మీద నిలబడే మనిషినే చేసుకున్నానుగా. గట్టిగా ఊపిరి పీల్చి, ఊదుతూ గొట్టం ముందుకి తోసింది. స్వరం ఆమె అనుకున్న దానికన్నా కోపంగా, అందువల్లనేమో అనుకున్న దానికన్నా బాగా పలికింది.

రెండో పాటలో వరస మలుపు తిరిగి గ్యాలరీ కింది కమ్మీల వైపు నడిచింది. అక్కడ జనం ఎవర్నో చుట్టుముట్టి గోల చేస్తున్నారు. ఒకడు ముక్కు మూసుకుని పందిలా ఎగురుతున్నాడు. మెర్విన్ పార ఊపుతున్నట్టు ఉత్త చేతులు ఊపుతున్నాడు. మధ్యలో డ్వేన్, పొట్టని కమ్మీకి ఆనించి, రెండు అరచేతులూ కిందికి అదుముతూ వాళ్ళందరినీ నోరు మూసుకోమంటున్నాడు. వినపడట్లేదు అంటున్నాడు. ఆ మాట ఆమెకి వినపడలేదు గాని, అతని మూతి చూస్తే తెలిసిపోయింది. ఆ మూతికి ఆవ సాస్ లేదు.

వరసంతా ఎడమకి తిరిగింది. ఆర్డిస్ కుడికి తిరిగింది. ట్రూడీ మోచేత్తో పొడిస్తే గాని సర్దుకోలేదు.

ఆట ఇంకా సాగుతుండగానే ఇద్దరూ ట్రక్కు దగ్గర కలుసుకున్నారు. తను ఆట చూడలేదని, విరామం మాత్రమే చూసి బయటికొచ్చేశానని, కాబట్టి మాట సగమే తప్పిందని డ్వేన్ వాదన. మెర్విన్ ఒప్పుకోలేదు, పార వెనక సీట్లో పడేసి పోయాడు. లోపలికి ఎలా వచ్చావు అని ఆర్డిస్ అడిగింది. టికెట్ ఫోన్‌లో ఉంది, ఫోన్ జేబులో ఉంది, నేనేం చెయ్యను అన్నాడు.

హైవే ఎక్కాక డ్వేన్ మొదలుపెట్టాడు.

"ఆ డోలు కుర్రాళ్ళకి అంత తొందరేమిటి? పాట వాళ్ళకి ఒక వీధి వెనక నడుస్తోంది. జెండాలు తిప్పే పిల్లలు నయం. ఇంక మీ వరసలో చివర్నించి రెండో మనిషి, అందరూ ఎడమకి తిరిగితే ఆవిడ కుడికి తిరిగింది."

"అది నేనే."

"నాకు తెలుసు. నేను చూసిందే ఆవిణ్ణి." ట్రక్కు వేగం కాస్త తగ్గించాడు. "ఆ పెద్ద స్వరం పట్టావు చూడు, మొదటి పాటలో. అది బాగుంది. ఎందుకట్లా పట్టావు?"

"కోపం వచ్చి."

"అయితే వచ్చే ఏడు కూడా నీకు కోపం తెప్పిస్తాను," అన్నాడు. "కానీ ఆ డోళ్ళు మాత్రం మార్చాలి."

డోళ్ళది తప్పు కాదని, గాలి ఎదురుగా కొడితే చప్పుడు ఆలస్యంగా చేరుతుందని ఆర్డిస్ అంది. గాలి పడమటి నుంచి కదా అన్నాడతను. మైదానంలో నిలబడ్డది ఎవరు, నువ్వా నేనా అందామె. ఇల్లు చేరి, ఇంజను ఆపేసి కూడా ట్రక్కు దిగకుండా, ఆ గాలి ఏ వైపు నుంచి వీచిందో ఇద్దరూ తేల్చుకుంటూ కూర్చున్నారు.