కంపుబండి లింకు ఊడిన సాయంత్రం

సాయంత్రం పాలప్యాకెట్ల ఆటో వచ్చే వేళకు కాలనీలో అందరిదీ ఒకటే పని. దండెం మీది బట్టలు లోపలికి తీసుకోవాలి, కిటికీలు మూయాలి, బియ్యం డబ్బా మూత మీద ఇంకో మూత పెట్టాలి. కంపుబండి వచ్చే వేళ అది. జవహర్‌నగర్ చెత్తగుట్ట దగ్గర గాలి రైలు ఇంజనులా ముందు నిలబడుతుంది. దాని వెనక ఒక్కో కంపు ఒక్కో డబ్బాగా తగులుకుంటుంది. మొదట కుళ్లిన ఉల్లిగడ్డ డబ్బా, తర్వాత కాలిన టైర్లది, ఆ వెనక చచ్చిన మేకది. ఆఖరుది ఏం కంపో ఎవరూ తేల్చలేదు, అందుకని దాన్ని గార్డు డబ్బా అంటారు. బండి ఎంత పొడుగంటే, ఇంజను షామీర్‌పేట దాటి చల్లగా నిట్టూర్చేటప్పటికి కూడా గార్డు డబ్బా ఇంకా జవహర్‌నగర్‌లోనే ఉంటుంది. గల్లీ మలుపులో తిరగలేక మూలింటి రమేష్ వాళ్ల డిష్ గొడుగును ఎన్నిసార్లు వంచిందో! బాగుచేసే మనిషి విసిగిపోయి ఫోన్ నంబరే మార్చేసుకున్నాడు. ఇందులో వింతేముంది? రోజూ వచ్చే బండే.

స్రవంతికి మాత్రం ఆ బండి ప్రాణం మీదికి తెచ్చింది. ఆమె కడుపుతో ఉంది. చెత్తగుట్ట గోడ పక్కన పుట్టి పెరిగిన పిల్లే, పెళ్లయ్యేదాకా కంపంటే ఏమిటో ఎరగదు. కడుపు పండిన రోజు నుంచీ ఆమెకు ముక్కు కొత్తగా మొలిచినట్టయింది. తిన్న మెతుకు నిలవదు. గంజి నిలవదు. ఆఖరికి నీళ్లు కూడా గొంతుదాకా పోయి తిరిగొస్తున్నాయి. ఎంత చిక్కిపోయిందంటే, ఒకనాడు బట్టలు ఆరేస్తూ అత్త దుర్గాబాయి పొరపాటున కోడలికే క్లిప్పు పెట్టబోయింది.

"తల్లి తినకుంటే కడుపుల బిడ్డ నిలవదమ్మా" అని మేడ్చల్ డాక్టరమ్మ తెగేసి చెప్పింది. "ముందు ఆ ఇల్లు మారండి."

ఎక్కడికి మారతారు? పుట్టింటికి పంపుదామంటే బండి బయలుదేరేదే అక్కడ.

స్రవంతి మొగుడు శేఖర్‌కు మేడ్చల్ బస్ డిపో ఎదురుగా డీజే బాక్సులు బాగుచేసే దుకాణం ఉంది. ఇంట్లో ఒక పాత తలుపు చెక్క మీద అతని ఆటరైలు తిరుగుతుంది. షామీర్‌పేట రైలు మొహం చూడకపోతేనేం, శేఖర్ తలుపు మీద మేడ్చల్ నుంచి అక్కడికి గంటకో వంద బండ్లు. పెళ్లాం ఎండిపోతుంటే ఏం చేయాలో తోచక, ఆ రోజూ అతను బండి నడుపుతూ కూర్చున్నాడు. స్రవంతి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని చూస్తోంది. బండి ఒకచోట ఆగింది, కొంచెం వెనక్కి జరిగింది. మళ్లీ కదిలినప్పుడు ఇంజను ఒక్కటే పోయింది, డబ్బాలు నిలబడిపోయాయి.

"ఎవరు ఇడిపిచ్చిన్రు బావా? నువ్వు చెయ్యి గూడ పెట్టలే."

"చెక్క కింద మాగ్నెట్ దాపెట్టిన. కొక్కేలకు సన్న ఇనుప తీగెలున్నయ్ సూడు, వాటిని గుంజుతది. కొక్కెం నోరు తెరుస్తది."

"ఊకెనే తెరుస్తదా?"

"ఊకెనే తెరవది. బండి బిర్రుగ గుంజుతున్నంతసేపు ఎంత పెద్ద మాగ్నెట్ వెట్టినా దండుగనే. ఇంజను జెర ఎన్కకు రావాలె. కొక్కేలు వదులైతెనే ఇడుస్తయ్. ఒక్కసారి ఇడిసినంక నూకినా మళ్ల తగులుకోవు. యాడికి గావాల్నంటె ఆడికి నూకి ఒదిలెయ్యొచ్చు."

స్రవంతి కొంగు తీయకుండానే అడిగింది. "చెత్తల మొలలు, బ్లేళ్లు, డబ్బాలు అన్ని పడ్తయ్ గద. మరి కంపుల ఇనుము ఉండదా?"

శేఖర్ లేచి చొక్కా వేసుకున్నాడు. దుకాణంలో ఉన్న ప్రతి డీజే బాక్సు పొట్ట కోసి మాగ్నెట్లు పీకాడు. ఆ వారం మేడ్చల్‌లో పెళ్లిళ్లన్నీ మూగగా జరిగాయి. ఒక పెళ్లికొడుకు తన బరాత్‌కు తానే నోటితో డప్పు వాయించుకున్నాడు.

మాగ్నెట్లను గల్లీ మొదట్లో మట్టి కింద పాతారు. సాయంత్రం బండి వచ్చింది. గాలి బిర్రుగా లాక్కుంటూ పోయింది. మాగ్నెట్లు నేలలో గుయ్యిమన్నాయి తప్ప ఒక్క కొక్కెమూ విడలేదు. మర్నాడూ అంతే. ఆ తర్వాతి సాయంత్రం, సిద్దిపేట వైపు నుంచి కొత్తగా వచ్చి దిగిన రుక్కమ్మ గేటు దగ్గర నిలబడి గాలిని కడుపారా తిట్టింది. ఆ తిట్ల ఊపిరి మొహాన కొట్టేసరికి గాలి కాస్త వెనక్కి తగ్గింది. టైర్ల డబ్బా ఒక్కటి ఊడి, రుక్కమ్మ గుమ్మం ముందే నిలబడిపోయింది.

"ఏం దుర్గక్కా, మీ పీడను నా దర్వాజ ముందట ఇడుస్తరా?"

"నువ్వు తిడితివి, అది బెదిరె. మేమేం జేస్తం?"

"గాలిని తిట్టిన గని డబ్బా అడిగిన్నా? ఇగ సచ్చినా గాలి దిక్కు నోరు తెరువ!"

కాలనీ అంతా తాళ్లు కట్టి ఆ డబ్బాను రోడ్డు మీదికి లాగింది. రుక్కమ్మ చపాతీలు ఎన్నాళ్లో టైరు వాసన కొట్టాయి.

స్రవంతి అంతా చూసింది. మనుషులున్న చోట విడిపిస్తే ఆ పాపం ఎవరికో ఒకరికి చుట్టుకుంటుంది. షామీర్‌పేట రోడ్డు పక్కన పాడుబడిన రాళ్ల క్వారీ గుంత ఉంది, చుట్టూ పురుగు కూడా లేదు. మాగ్నెట్లు ఆ అంచుకు మారాయి. శేఖర్ గాలికి ఎదురు నిలబడి బుగ్గలు పగిలేలా ఊదాడు. దుర్గాబాయి గాలి ఏడు తరాలనూ తిట్టింది. గాలి చలించలేదు. ఇన్నేళ్లూ అదే పీల్చిన వాళ్ల ఊపిరి దానికి సొంత చుట్టం ఊపిరిలాగే తగిలింది.

"నేను వస్త. నా ముక్కు కొత్తది గద, నా ఊపిరి గూడ దానికి కొత్తనే" అంది స్రవంతి.

"వొద్దు బిడ్డా. ఊదాల్నంటె ముందుగాల నిండ పీల్చాలె. కడుపు జారుతది."

"పీల్చకున్నా జారుతది అత్తమ్మా. గిట్లైతె లోపల రోజింత సస్తాంది. గట్లైతె ఒక్కసారే తేలుతది."

దుర్గాబాయి కోడలి చేయి పట్టుకుని ఆటో ఎక్కించింది.

బండి వస్తుంటే స్రవంతి మాగ్నెట్ల మీద నిలబడింది. కొంగు తీసింది. బండినంతా తోకదాకా ఒక్క గుక్కలో పీల్చింది. ఉల్లిగడ్డ లోపలికి పోయింది, టైర్లు పోయాయి, మేక పోయింది. కళ్లు తిరిగాయి, కడుపు రాయిలా బిగుసుకుంది. ఆఖరున గార్డు డబ్బా. ఇంతమంది ఇన్నేళ్లు తేల్చలేనిది ఆమెకు చప్పున తెలిసిపోయింది. అన్నం. పట్నమంతా తిని తినక పారబోసిన అన్నం. ఒక్క మెతుకు నిలవని తన కడుపు మీదుగా రోజూ అదే పోతోంది!

అప్పుడు ఊదింది. ఏడుపు, కోపం, ఆకలి అన్నీ కలిపి ఊదింది. క్వారీలో రాళ్లు దొర్లాయి, హైవే మీద లారీలు దారి తప్పి నిజామాబాద్ బదులు నాగ్‌పూర్‌లో తేలాయి. గాలి అడుగు వెనక్కి వేసింది. కొక్కేలు టకటకా నోళ్లు తెరిచాయి, ఆ చప్పుడు జవహర్‌నగర్ దాకా పాకింది. బెదిరిన గాలి ఇంకా వెనక్కి నూకింది. డబ్బాలు మళ్లీ తగులుకోలేదు. ఒకటి తర్వాత ఒకటి గుంతలోకి దొర్లాయి. గాలి చేతులూపుకుంటూ ఒంటరిగా వాళ్ల పక్కనుంచి పోయింది. ఆనాటి నుంచి ఆ చోటికి రాగానే తనంతట తానే జంకి, డబ్బాలను గుంతలో నూకేసి పోతోంది.

స్రవంతి నేల మీద కూలబడింది. శేఖర్ పరుగెత్తాడు. ఆమె రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది. లోపల ఏదో మెదిలింది.

"ఆకలైతాంది" అంది.

దుర్గాబాయి తనకూ కొడుక్కూ తెచ్చుకున్న రెండు గిన్నెల టిఫిన్ బాక్సు విప్పింది. ఎండు రొయ్యలు, చింతచిగురు. ఆ పేరెత్తితేనే ఇన్నాళ్లూ వాంతికి పరుగెత్తిన పిల్ల గబగబా తింది. మొదటి ముద్ద నిలిచింది. రెండోదీ నిలిచింది. తల్లీ కొడుకూ ఊపిరి బిగబట్టి ఆమె గొంతునే చూస్తున్నారు.

"మెత్తగున్నది. ఏం కూర అత్తమ్మా?"

"పరాశికాలా? గుంతంత గుమాయిస్తాంటె!"

స్రవంతి బాక్సు ఎత్తి ముక్కుకు ఆనించుకుంది. మళ్లీ ఆనించుకుంది. ఏ వాసనా తగల్లేదు. శేఖర్ ఆమె పాదాల కింద మాగ్నెట్లు పాతిన మట్టిని చూశాడు.

"ఊదినప్పుడు నువ్వు గూడ ఎన్కకు అడుగేసినవా?"

"ఏసిన."

అతను తల దించుకున్నాడు. కొక్కెం వదులైతే అది గాలిదా, ముక్కుదా అని మాగ్నెట్ అడగదు.

"ఏం గాదు బిడ్డా" అంది దుర్గాబాయి. "రేపు చంటిదాన్ని ఒళ్లె పండవెట్టుకుంటె, దాని నెత్తి వాసన..." అక్కడితో మాట మింగేసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

స్రవంతి ఖాళీ అయిన మొదటి గిన్నెను చేతిలోకి తీసుకుంది. తర్వాత దాన్ని అత్త ముందుకు జరిపింది.

"ఇంకింత ఎయ్యి."