ముస్కాన్ రీలు

జబ్బు చేసినాక ముస్కాన్ ఫోనులో ఫొటో తీయనిచ్చేది కాదు. కడుపుతో ఉన్నప్పుడే రొమ్ము క్యాన్సరని తేలింది. కాన్పయినాక మందులెక్కించారు. జుట్టంతా రాలిపోయింది, మొహం ఉబ్బింది. "ఒకరికి పంపితే ఊరంతా చూస్తారు. నన్నిట్లా ఎవరూ చూడద్దు" అనేది. పాప ఇరమ్ బోర్లాపడే వయసొచ్చినా తల్లీబిడ్డా కలిసున్న ఫొటో ఒక్కటీ లేదు. పులివెందులలో బైకులు రిపేరు చేసే భర్త మొయిన్ అడిగి అడిగి ఊరుకున్నాడు.

ముస్కాన్ చెల్లెలు ఆసియా ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచరు. పాత రీలు కెమెరా ఒకటి కొనుక్కుని, బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములు ఇంట్లో తనే కడుక్కునేది. అక్క జమ్మలమడుగులో అమ్మ దగ్గరున్నప్పుడు ఒక ఆదివారం ఆ కెమెరా తీసుకుపోయింది.

"ఇది ఫోను కాదక్కా. ఎవరికీ పోదు. కాగితం మీద ఒకటే తీస్తా, అదీ నువ్వు సరే అంటేనే."

ముస్కాన్ లేచి మొహం కడుక్కుని, పెండ్లినాటి ఆకుపచ్చ దుపట్టా తలమీద కప్పుకుంది. పాపను ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. మొదట బిగుసుకుపోయింది. పాప దుపట్టా కొస నోట్లో పెట్టుకుని లాగేసరికి నవ్వొచ్చింది. ఆసియా రీలంతా ఆమెకే వాడింది.

వానలు పడకముందే ముస్కాన్ పోయింది. పాపను మొయిన్ పులివెందులకు తీసుకుపోయాడు.

ఆ రీలు కడగడానికి ఆసియాకు చేతులాడలేదు. అంతకుముందు తను కడిగినవాటిలో ఒక్కటీ సరిగ్గా రాలేదు. ఎండాకాలం కొళాయి నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. ఆ నీళ్లతో కలిపిన, బొమ్మ తేల్చే డెవలపరు మందుకు ఫిల్ము మాడినట్టు నల్లబడేది. గాలి బుడగలు అంటుకున్న చోట గుండ్రంగా చుక్కలు పడేవి. బొమ్మను నిలబెట్టే ఫిక్సరులోంచి తొందరగా తీస్తే పాలు పూసినట్టు మసక. ఆరేసినాక ఉప్పునీళ్ల చారలు.

అందుకని బడి గోడలూ బజారూ ఏవేవో తీసి, ఆ రీళ్ల మీద ఒక్కో లోపమూ సరిచేసుకుంటూ వచ్చింది. క్యాన్ నీళ్లు వాడింది. మందు గిన్నెను ఐసుగడ్డల మధ్య పెట్టి చల్లార్చింది. బుడగలు వదిలేట్టు, ఫిల్ము చుట్టి పెట్టిన డబ్బాను బండమీద తట్టింది. ఆఖరికి ఒక రీలు మచ్చ లేకుండా వచ్చింది.

ఆ వారమే తల్లి లాల్‌బీ బస్సెక్కి ప్రొద్దుటూరు వచ్చింది. పొద్దున్నే ఆసియా బాత్రూములో మందులు కలుపుకుంటుంటే, బయట గోడకానుకుని కూర్చుంది.

అక్క రీలు కడగడమైంది. ఆసియా డబ్బా మూత తీసి ఫిల్ము బయటికి లాగింది. గాజు మాదిరి తెల్లగా ఉంది, ఒక్క బొమ్మా లేదు. ఎంత లాగినా అంతే.

"ఏందిమే, వచ్చినాదా?"

ఆసియా దాన్ని కిటికీ దగ్గరకు తీసుకుపోయింది. డెవలపరు పనిచేయలేదేమోనని ముందు అనుకుంది. కానీ ఫిల్ము అంచున కంపెనీవాళ్లు వేసిన అంకెలు నల్లగా, స్పష్టంగా తేలాయి. మందు పనిచేయకుంటే అవీ కనబడవు. మందు మంచిదే. ఫిల్ముకు వెలుతురే తగల్లేదు.

ఆ ఆదివారం అక్క మనసు మారుతుందేమోనని తొందరపడి రీలెక్కించింది. ఫిల్ము కొస చక్రానికి పట్టుకుందో లేదో చూడకుండానే మూత వేసింది. కొస జారిపోయింది. బటన్ నొక్కినప్పుడల్లా చప్పుడైంది, అంకె మారింది, ఫిల్ము మాత్రం తన డబ్బీలోంచి కదల్లేదు. వెనక్కి చుట్టేటప్పుడు శానా తేలిగ్గా తిరిగింది. అప్పుడైనా అనుమానం రాలేదు.

తల్లికి అంతా చెప్పింది. లాల్‌బీ ఫిల్మును చేతిలోకి తీసుకుని చూసింది, తిప్పి చూసింది.

"అయితే ఒక్కటీ లేదా?"

"లేదుమా."

లాల్‌బీ ఫిల్మును చుట్టి పక్కన పెట్టింది. "మొయిన్‌కు మందు చెడిపోయిందని చెప్పు. నీ తప్పంటే మనల్ని గడప తొక్కనిస్తాడా? మనకు పాప గావాల."

"మందు మంచిదేమా. నేను అబద్ధం చెప్పి ఆ పాప మొహమెట్లా చూసేది?"

మరుసటి ఆదివారం ఆసియా ఒక్కతే పులివెందుల పోయింది. మొయిన్ ఇంటిముందరి షెడ్డులో బైకు విప్పుతున్నాడు. నిలబడే ఉండి, ఉన్నదున్నట్టు చెప్పింది. అతను గుడ్డతో చేతులు తుడుచుకుంటూ విన్నాడు. చేతులు శుభ్రమైనాక కూడా తుడుచుకుంటూనే ఉన్నాడు.

"ఆఖర్న మీ అక్కే అడిగింది" అన్నాడు. "ఆస్పత్రిలో. పాపను పక్కన పడుకోబెట్టి ఫోన్లో ఒకటి తీసుకొమ్మనింది. ఆసియా రీల్లో బాగా తీసినాది కదా, నువ్వు అలిసిపోవద్దు, పడుకో అని నేనే అంటి."

"నాకు చెప్పలేదు బావా."

"ఏమని చెప్పేది."

అతను మళ్లీ బైకు పక్కన కూర్చుని స్పానర్ అందుకున్నాడు.

"పాపను ఎత్తుకోనా?"

"నిద్రపోతాంది. లేపద్దు."

ఆమె లోపలికి పోయి ఊయల పక్కన నేలమీద కూర్చుంది. బస్సు టైమయ్యేదాకా పాప లేవలేదు, మొయిన్ లోపలికి రాలేదు.

ఆ తర్వాత కూడా ఆసియా ఆదివారాలు పులివెందుల పోతూనే ఉంది. మొయిన్ తలుపు తీస్తాడు, పాపను చేతికిస్తాడు, షెడ్డులోకి పోతాడు. మాట మాత్రం ఉండదు.