రెండో అంకె

కరెంటు మీటర్లు చూసే ఆయన గేటు గడియ తీసుకుని వరండా గోడ ముందు నిలబడ్డాడు. ముప్పయ్యొక్క ఏళ్లుగా గోడల మీది అంకెల కోసం ఎత్తీ ఎత్తీ ఆయన మెడ అలాగే బిగుసుకుపోయింది. నడిచేటప్పుడు కూడా గడ్డం పైకే. వీధి పిల్లలు ‘ఆకాశం తాత’ అంటారు గానీ, ఆకాశం చూసే తీరిక ఆయనకెప్పుడూ లేదు.

బిల్లు చీటీని జనం నమ్మరని, అంకెను గోడ మీద సుద్దతో కూడా రాయడం ఆయన అలవాటు.

చంటిదాన్ని చంకనేసుకుని ఆ ఇంటి కోడలు పరుగున వచ్చింది. చేతులు బోసిగా ఉన్నాయి.

“బాబాయ్, పోయిన నెల బిల్లు పెద్దగా తగ్గలేదు. గాజులమ్మి మేడ మీద సోలార్ పలకలు పెట్టించాను. పెట్టిన డబ్బు అయిదేళ్లలో తిరిగొస్తుందన్నారు. మోసపోయానా?”

“ఊరికే వచ్చే ఎండని డబ్బు పోసి కొన్న మహాతల్లి!” లోపలినుంచి అత్తగారు.

ఆయన గోడ వైపు చూశాడు. పోయిన నెల సుద్దరాత ఒక్కటే అంకె. ఇది కొత్త మీటరు. మీట ఒకసారి నొక్కితే ఇల్లు తీసుకున్న కరెంటు అంకె, మళ్లీ నొక్కితే ఇల్లు తిరిగి తీగల్లోకి పంపిన అంకె. తను ఒక్కసారే నొక్కి వెళ్లిపోయాడు. ఇల్లు కరెంటు ఇవ్వడం ఆయన ఎన్నడూ చూడలేదు మరి.

“తప్పు నాదేనమ్మా.”

రెండోసారి నొక్కాడు. నమ్మలేక మళ్లీ మొదటినుంచి నొక్కాడు.

“తీసుకున్నదానికంటే ఇచ్చిందే ఎక్కువ,” అన్నాడు, నిద్రపోయే బిడ్డ పక్కన మాట్లాడినట్టు.

“ఎవరికిచ్చాం?”

“పగలు మీరు వాడగా మిగిలింది చుట్టుపక్కల ఇళ్లకే పోతుంది.”

పక్కింట్లో మిక్సీ గర్రుమంది. అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. “ఆవిడ మిక్సీ మన ఎండతో తిరుగుతోందా? ఒక్క మాటైనా చెప్పదే!”

ఆయన రెండంకెలూ గోడ మీద రాసి, సుద్దముక్క మీటరు పెట్టె మీద పెట్టి, చీటీ తీసి కోడలి చేతికిచ్చాడు. “మీటరు ఏదీ మరిచిపోదు. పోయిన నెలదీ ఇందులోనే తగ్గింది. ఇలా సాగితే అయిదేళ్లు కూడా పట్టదు.”

ఆమె చీటీ చూసుకుని, చంటిదాని నెత్తిన ముఖం దాచుకుంది.

“ఒకసారి మేడెక్కి చూడనా అమ్మా?” ఏ ఇంట్లోనూ అడగని మాట అది.

పైన ఆరు నల్లటి పలకలు. చప్పుడు లేదు, పొగ లేదు, కదిలేది ఏదీ లేదు. అంచు మీద అరచెయ్యి ఆనించాడు. చురుక్కుమంది. ఇన్నేళ్లూ పైకే తిరిగి ఉన్న మెడ ఎందుకో ఇప్పుడు తెలిసినట్టు, వెలుగు వైపు చూశాడు. పలకల నీడలో గోడకానుకుని కూర్చున్నాడు.

ఆమె మంచినీళ్లు తెచ్చేసరికి ఆయన అలాగే ఉన్నాడు. గడ్డం పైకే.

“బాబాయ్,” అంది. రెప్ప వాలని ఆ కళ్లు చూసి, గ్లాసు కింద పెట్టి, మళ్లీ పిలిచింది.

కింద వరండాలో మీటరు మీద రెండో అంకె ఒకటి పెరిగింది. పెట్టె మీద, బొటనవేలి నొక్కు పడిన సుద్దముక్క.