వెతికే పడవలో బరువు

ఆదివారం పొద్దున నరసాపురం రేవులో రెస్క్యూ టీం పిల్లల పని ఎప్పుడూ ఒకటే. లైఫ్‌జాకెట్లు ఉతికి ఆరేయడం, తాళ్ళ చిక్కులు తియ్యడం, పడవలో చేరిన నీళ్ళు తోడి పొయ్యడం. అందరూ ఇంటరో డిగ్రీయో చదువుతున్న పిల్లలే. అయినా గోదాట్లో ఎవరైనా పడ్డారంటే పోలీసులకన్నా ముందు వీళ్ళకే ఫోనొస్తుంది. ఇంటర్ సెకండియర్ దుర్గాశ్రీకి ఈ పనంటే ప్రాణం. అలాంటి పిల్ల ఆ వేళ చిక్కు తీస్తున్న తాడుని విసిరి గట్టుకేసి కొట్టింది.

కొట్టదా మరి! సొంత అన్న వెంకన్న హత్య కేసులో స్టేషన్లో ఉన్నాడు. ఆ రోజే జీపెక్కించి రాజమండ్రి జైలుకి తీసుకెళ్తామన్నారు. చనిపోయింది టీంలో కుర్రాడే, జయపాల్. చేపలా ఈదేవాడు. కనబడకుండా పోయి, చివరికి ఎగువన లంక దగ్గర తుంగలో దొరికాడు, తల వెనక పెద్ద దెబ్బతో. అంతకు ముందే వాలీబాల్ ఆడుతూ ఏదో గొడవొస్తే, వెంకన్న అందరూ వింటుండగా "నిన్ను గోదాట్లో ముంచకపోతే చూడు" అన్నాడు. వాడి నోటి దూల అలాంటిది. చీమకి కూడా హాని చెయ్యడు గానీ నోరు మాత్రం ఊరుకోదు.

అయినా ఒక్క మాటకే పట్టుకుపోయారా అంటే, కాదు. ఆ రేవు సంగతి తెలిసిందేగా. నీళ్ళపాలైన మనిషి బరువు, ఆఖరిసారి ఎక్కిన పడవలోంచి దిగదు. కట్టేసిన పడవ కూడా ఎవరో కూర్చున్నట్టు ఓ పక్కకి దిగబడే ఉంటుంది. మనిషి దొరికి, మట్టి చేశాక తేలికపడుతుంది. అప్పటికీ దిగలేదంటే చెప్పాల్సిన నిజమేదో చెప్పకుండా మిగిలిందన్నమాట. అందుకే ఎవరైనా కనబడకపోతే పెద్దవాళ్ళు ముందు రేవుకొచ్చి పడవలు చూస్తారు, ఇంటికెవరొచ్చారో అని గుమ్మంలో చెప్పులు చూసినట్టు.

జయపాల్ కనబడనప్పుడూ చూశారు. జనాన్ని ఏరు దాటించే పంటు చూశారు, వలలవాళ్ళ పడవలు చూశారు, ఇసుక పడవలూ చూశారు. అన్నీ సమంగా తేలుతున్నాయి. అంటే కుర్రాడు పడవెక్కలేదు, ఎవరో గట్టు మీంచి తోసేశారని తేల్చారు. పడవ లేనివాడు, ముంచుతానన్నవాడు ఎవడయ్యా అంటే వెంకన్న. చూశారా ఖర్మ!

వాళ్ళు చూడని పడవ ఒక్కటే ఉంది, రెస్క్యూ టీంది. అది జయపాల్‌ని వెతకడానికి వెళ్ళింది. వెతికే పడవని ఎవరు వెతుకుతారండీ?

ఆ వెతికినన్నాళ్ళూ దుర్గాశ్రీ అందులోనే ఉంది. వెనక వైపు దిగబడుతోందని అంటే, "కొత్త ఇంజను బరువులే" అన్నాడు లీడర్ ఉదయభాస్కర్. కాబోలనుకుంది. కాబోలనుకోక ఏం చేస్తుంది? వరదల్లో పసిపిల్లని కాపాడాడని ఊరంతా ఫ్లెక్సీలు కట్టిన లీడరాయె! నిన్న ఇంజను రిపేరుకి విప్పేశారు. ఈ పొద్దున వచ్చి చూస్తే, జయపాల్‌ని మట్టి చేసేశాక కూడా, ఇంజను లేని పడవ వెనక వైపు జానెడు నీళ్ళలోకి దిగి ఉంది. పరిగెత్తుకెళ్ళి ఎస్సై బుల్లిరాజు గారిని బతిమాలి రేవుకి లాక్కొచ్చింది.

"చూడండి సార్! ఇంజను లేదు, మనిషి లేడు. మరి ఆ బరువెవరిది?"

"కనబడుతోందమ్మా. నేనూ లంకలో పుట్టినవాణ్ణే, నాకు తెలీదా," అన్నారాయన నిట్టూర్చి.

"మరి మా అన్నయ్యని వదిలెయ్యండి సార్!"

"ఏమని రాయను? పడవ చెప్పిందని రాస్తే జడ్జిగారు నన్ను ఇంటికి పంపించేస్తారు. సరే, ఈ పడవ గొలుసు తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

"మా లీడర్ దగ్గరండి."

"ఒక్కటేనా?"

రెండోది దుర్గాశ్రీ వాళ్ళింట్లోనే, మేకుకి వేలాడుతోంది.

"రెండోది దుర్గ దగ్గరుంది సార్," అన్నాడు ఉదయభాస్కర్, లైఫ్‌జాకెట్ పిండుతూ. ఎంత మెత్తగా అన్నాడో!

ఎస్సైగారు తల పంకించారు. "అంటే మీ అన్నయ్య చేతికీ అందేదేగా తల్లీ."

ఛీ! అన్నని బయటికి లాగుదామని తెచ్చిన సాక్ష్యం అన్న మెడకే చుట్టుకుంది. దుర్గాశ్రీకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. అందరికీ తెలుసు, అందరికీ కనబడుతోంది, ఒక్కడూ ఏం చెయ్యడు. ఇదెక్కడి న్యాయం!

అంతలో జయపాల్ తల్లి మరియమ్మ వచ్చింది, చెప్పుల్లేకుండా, జుట్టయినా ముడేసుకోకుండా. ఎవరో చెప్పినట్టున్నారు.

"మావాడు ఇందులో ఉన్నాడంటగా," అంటూ ఎవరి చెయ్యీ పట్టుకోకుండానే పడవెక్కింది. వెనక బల్ల మీద, దిగబడిన చోటికి పక్కగా సర్దుకుని కూర్చుంది, బస్సులో పిల్లాడికి చోటిచ్చినట్టు. "బాబూ ఉదయ్, మావాడి లీడరువి కదా. ఒక్కసారి మధ్య దాకా తీసుకెళ్ళవా? వాడితో కాసేపు కూర్చుంటాను."

"ఇంజను లేదండీ..."

"తెడ్లున్నాయిగా!" అంది దుర్గాశ్రీ, ఒక్క గెంతులో పడవలోకి దూకి.

గట్టు మీద జనం, ఎస్సైగారు, అందరూ చూస్తున్నారు. ఉదయభాస్కర్ కాదనలేకపోయాడు. వెళ్ళి ఆ చివర, ముందు బల్ల మీద కూర్చున్నాడు. దుర్గాశ్రీ తెడ్లు వేసింది.

మధ్యకొచ్చేసరికి పడవ చిన్నగా ఊగింది. వెనక వైపు మెల్లగా పైకి లేచింది. ముందు వైపు దిగబడింది.

"లేచాడమ్మా," అంది మరియమ్మ, ఖాళీ అయిన చోటుని తడుముతూ.

ఉదయభాస్కర్ కుడి పక్కకి జరిగాడు. పడవ కుడి పక్కకి ఒరిగింది. ఎడమకి జరిగాడు. అటే ఒరిగింది.

"నీ పక్కకొచ్చి కూర్చుంటున్నాడేంటి బాబూ?" అంది మరియమ్మ. కోపంగా కాదు. తెలీక అడిగింది.

అంతే, వాడు రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

"పాపని కాపాడింది వాడండీ. నేను ఒడ్డున అందుకున్నాను, ఫోటో నాది పడింది. కలెక్టరాఫీసులో సన్మానమన్నారు. వాడు నిజం చెప్పేస్తానన్నాడు. మాట్లాడుకుందాం రారా అని ఇందులోనే తీసుకొచ్చాను. తెడ్డుతో కొట్టాను. పడ్డాక కూడా వాడు... చెయ్యి చాపాడండీ. నేను పట్టుకోలేదు."

"అందుకేనా మమ్మల్ని కిందికి, అంతర్వేది వైపు తిప్పావు?" దుర్గాశ్రీ అరిచింది. "సముద్రప్పోటు మీద ఎగువకి కొట్టుకు పోయుంటాడని తెలిసే తిప్పావా? మేం పిచ్చోళ్ళలా..."

వాడు తలూపాడు.

తెడ్డు ఆ పిల్ల చేతిలోనే ఉంది. ఒక్కటి వెయ్యాలనిపించింది, ఎందుకు అనిపించదు? పళ్ళు బిగపట్టి నీళ్ళలోకి దించింది. అప్పుడే పడవ మొత్తం ఒక్కసారిగా తేలికై, సమంగా పైకొచ్చింది.

మరియమ్మ కంగారుగా ఆ బల్లా ఈ బల్లా తడిమింది. "అప్పుడే వెళ్ళిపోయావా నాన్నా? ఇంకాసేపు కూర్చోకూడదూ!"

ఇంతసేపూ ఆ బరువు దిగాలనే కదా దుర్గాశ్రీ ఆరాటపడింది. ఇప్పుడు ఆవిడ వంక చూడలేక రేవుకేసి తెడ్డేసింది.

ఒడ్డుకి రాగానే ఎస్సైగారు పడవ అంచు చూశారు, ఉదయభాస్కర్ మొహం చూశారు. వాడే దిగి చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన ఓ చేత్తో వాడి రెక్క పట్టుకుని రెండో చేత్తో ఫోన్ తీశారు. వెంకన్నని ఎక్కించుకెళ్ళిన జీపు ఇంకా పాలకొల్లు దాటలేదు.

"వెనక్కి తిప్పేయండి. వెంకన్నని ఇంటి దగ్గర దింపండి," అన్నారు.

గట్టు మీద గోల లేచింది. మరియమ్మ పడవలోంచి లేవలేదు. దుర్గాశ్రీ చెయ్యి అందిస్తే, ఆ చేతిని అలాగే తన రెండు చేతుల్లో పట్టుకుంది.

"మీ అన్నయ్య వచ్చేస్తున్నాడంటగా. పోమ్మా, ఎదురెళ్ళు. పాపం, ఏం తిన్నాడో ఏంటో."