మూడో తొట్టె

"బ్యాగు సర్దడం అయిందా?" అని మా ఆయన అడగడం ఈ వారంలో ఇది నాలుగోసారి. అడిగిన ప్రతిసారీ ఆయన మంచం మీద కూర్చునే ఉన్నాడు, నేను నిలబడే ఉన్నాను. గురువారం పొద్దున్న ఆపరేషన్‌కి రమ్మన్నారు, ఇవాళ ఆదివారం. తొమ్మిదో నెల పొట్టతో బీరువా కింది అర ముందు వంగి, మెత్తబడిన పాత నూలు దుప్పట్లు బయటికి లాగుతున్నాను. వాటిని చింపి, ఉతికి, పసిబిడ్డకి పక్కగుడ్డలు చెయ్యాలి. "ఏది ఎక్కడుందో చెప్పు చాలు, మిగతాదంతా నేను చూసుకుంటా" అన్నాడు, పేపరు మడుస్తూ. ఆయన చేసే సాయం ఇది. ఏది ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడమే ఈ ఇంట్లో అసలు ఉద్యోగమని ఆయనకి ఎప్పుడూ తోచలేదు. బళ్ళో లెక్కల మాస్టారు. నలభైమంది పిల్లల హాజరు పట్టీ చూడకుండా అప్పజెప్పగలడు. మా ఇంట్లో తువ్వాళ్ళు ఏ అరలో ఉంటాయో మాత్రం ఏడేళ్ళుగా ఆయనకి అంతుచిక్కలేదు.

నేను సర్దుతున్నది ఒక బ్యాగు కాదు, మూడు. బిడ్డకొకటి, నాకొకటి, తోడుండే వాళ్ళకొకటి. మూడోదే అన్నిటికంటే పెద్దది. అత్తయ్యకి ఆసుపత్రి దిండు పడదు, ఆవిడ దిండు పెట్టాలి. ఆయనకి ఫ్లాస్కు, ఛార్జరు, రెండు జతల బట్టలు, గెడ్డం గీసుకునే సామాను. ఇవి కాక, నేను లేని ఐదు రోజులూ ఇల్లు ఆగిపోకుండా బీరువా అరల మీద, వంటింటి డబ్బాల మీద చీటీలు అంటించాను. "మా రోజుల్లో ఈ బ్యాగులూ జాబితాలూ ఎక్కడివి అమ్మాయ్, కట్టుబట్టలతో వెళ్ళాం, బిడ్డనెత్తుకుని వచ్చాం" అంది అత్తయ్య, నేను చీటీ అంటిస్తుంటే చూస్తూ. ఆ కట్టుబట్టల వెనక ఎవరో ఒకావిడ ఇల్లంతా నెత్తిన వేసుకునే ఉంటుంది. ఆవిడ ఎవరని అడుగుదామనుకున్నాను గానీ, అప్పటికే అత్తయ్య తన దిండు గలీబు మార్చమని చెబుతోంది.

సర్దడం నాకు కొత్త కాదు, నా జీతమే దాని మీద. విడిభాగాలుగా అమ్మే కుర్చీలూ బల్లలూ తయారుచేసే ఫ్యాక్టరీలో, ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేస్తాను. ఒక్క మరమేకు తక్కువైనా కొన్నవాళ్ళింట్లో కుర్చీ నిలబడదు. అందుకని మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పెట్టె సర్దిన మనిషి దాన్ని తనే సరిచూడకూడదు. పక్క బల్ల దగ్గరావిడ జాబితా పైకి చదవాలి, సర్దిన మనిషి ఒక్కోటీ తీసి చూపించి మళ్ళీ లోపల పెట్టాలి. సర్దినవాళ్ళ కంటికి లేనిది కూడా ఉన్నట్టే కనిపిస్తుందని మా సూపర్‌వైజరమ్మ అంటుంది. ఆవిడే మొన్న, "వెళ్ళేముందు నీ పని ఆ కొత్తమ్మాయికి నేర్పించి వెళ్ళు. నువ్వొచ్చాక సంగతి, వచ్చాక చూద్దాం" అంది. ఆ వచ్చాక చూద్దాం అన్న మాట ఇంటిదాకా నాతోపాటే వచ్చింది. నేర్పించాను. ఆ పిల్లకి కూడా ముందు ఈ పద్ధతే నేర్పాను.

ఇంట్లో మాత్రం నా జాబితా చదివేవాళ్ళు లేరు. కాస్త చదవండి అని ఆయన్ని అడిగితే, "నువ్వు సర్దావంటే ఇంక చూసేదేముంది" అన్నాడు. మెచ్చుకోలు చేతిలో పెట్టి పని తప్పించుకోవడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. దాంతో మా చిలకని కూచోబెట్టాను. చిలక అంటే మా అమ్మాయి. ఆరేళ్ళది, నోరు మూత పడదు కాబట్టి ఆ పేరు. ఈమధ్యే అక్షరాలు కూడబలుక్కుని చదువుతోంది. పెన్సిలు చెవి మీద పెట్టుకుని, జాబితా ఒళ్ళో పెట్టుకుని, మంచం మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. మొదటి వరుస మీద వేలు పెట్టి, "అ, మ్మ, క, ళ్ళ, జో, డు. రెండు" అని చదివి నావైపు చూసింది.

నేను బ్యాగులోంచి డబ్బా తీసి చూపించాను. పోయిన నెల చేయించుకున్న రెండో కళ్ళజోడు. దానికి మెళ్ళో వేసుకునే తాడు కూడా కట్టాను.

"కళ్ళకి ఒకటుందిగా. పాప బట్టలకన్నా ముందు ఇదెందుకు రాశావ్?"

"కావాలి కాబట్టి రాశాను. తర్వాతది చదువు."

చదవలేదు. పెన్సిలు చెవి మీంచి తీసి కొరుకుతూ నన్నే చూసింది. "అమ్మా, నేను పుట్టినప్పుడు నువ్వు వేరే పాపని చూసి నేనే అనుకుని ఏడ్చావటగా? అత్త చెప్పింది."

"ఊ."

"ఆ పాప నాకన్నా బాగుందా?"

ఈ కథ మా ఇంట్లో ఆరేళ్ళుగా నడుస్తోంది. పుట్టినరోజులకీ, చుట్టాలొచ్చినప్పుడూ, భోజనాలయ్యాక ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. సొంత బిడ్డనే గుర్తుపట్టలేని తల్లి కథ. అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతారు. వాళ్ళతోపాటు నేనూ నవ్వాను, ప్రతిసారీ. నవ్వకపోతే ఉడుక్కుందంటారని నవ్వాను. దాన్ని ఒక పసిపిల్ల ఇలా దాచుకుని, తనకన్నా ఆ పాప బాగుందేమోనని తిరుగుతోందని నాకు తట్టనే లేదు. ఆయన మీదా అత్తయ్య మీదా కన్నా ముందు నా మీద నాకు కోపం వచ్చింది.

నాకు చూపు మైనస్ తొమ్మిది. అద్దాలు తీస్తే, చాచిన నా చెయ్యి నాదో కాదో చెప్పలేను. చిలక పుట్టినప్పుడు ఉన్నట్టుండి ఆపరేషన్ అన్నారు. లోపలికి తీసుకెళ్ళేముందు నర్సు కళ్ళజోడు తీసి, దూదిగుడ్డలో చుట్టి ఆయన చేతికిచ్చింది. ఆయన జేబులో వేసుకున్నాడు, స్నానానికని ఇంటికెళ్ళి ఫ్రిజ్ మీద పెట్టాడు. నాకు తెలివొచ్చాక మొదట అడిగింది బిడ్డని, తర్వాత కళ్ళజోడుని. బిడ్డ ఊపిరి సరిగ్గా అందడం లేదని అద్దాల గదిలో పెట్టారన్నారు. "కళ్ళజోడు సాయంత్రం తెస్తాలే" అన్నాడు. సాయంత్రం మర్చిపోయాడు. మర్నాడు అడిగితే, "ఇప్పుడు నువ్వు చదివేవేమున్నాయి?" అన్నాడు. "కళ్ళు మూసుకుని పడుకో అమ్మాయ్, చూడ్డానికి మేమంతా లేమూ" అంది అత్తయ్య. అందరూ చూస్తున్నారు, నిజమే. ముక్కు మా వాడిదే అని ఒకరు, నుదురు నాదే అని ఒకరు పంచుకుంటున్నారు. నేను మంచం మీద పడుకుని నా బిడ్డ గురించి వింటున్నాను.

రెండో రోజు చక్రాల కుర్చీలో ఆ గది ముందుకి తీసుకెళ్ళారు. అద్దం అవతల నాలుగు తొట్టెలు. నాకవి నాలుగు తెల్లటి మరకలు. "అదిగో చూడు" అన్నారు వెనకనించి. ఏదని అడగడానికి సిగ్గేసింది. మూడో మరకలో ఏదో కదిలినట్టనిపించి, చెయ్యి ఊపిందేమో అనుకుని, అద్దానికి అరచెయ్యి ఆనించి ఏడ్చాను. బతికి బయటికి రా తల్లీ, నిన్ను కళ్ళల్లో పెట్టుకుంటాను అని గొణుక్కున్నాను. "అటు కాదమ్మా, మీ పాప రెండోది" అంది నర్సు. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఎవరిదో నాకిప్పటికీ తెలియదు, మొహాలు కనబడలేదు కదా.

ఇదంతా చిలకకి చెప్పాను, దానికి అర్థమయ్యే మాటల్లో. కథలో ఇంతవరకూ ఎవరూ చెప్పని కళ్ళజోడుని ముందు పెట్టి చెప్పాను. "మూడో రోజు నిన్ను నా చేతికిచ్చారు. బెత్తెడు దూరానికి తెచ్చుకుని చూశాను. చెవి కనబడితే ముక్కు మసక. ముక్కు కనబడితే గెడ్డం మసక. కొంచెం కొంచెంగా మొత్తం చూశాను. ఆ పక్క పాప ఎలా ఉందో నేను అసలు చూళ్ళేదు. నీకన్నా బాగుందో లేదో నాకెలా తెలుస్తుంది?"

చిలక నా మొహంలోకి చూసి, జాబితాలో మొదటి వరుస పక్కన పెన్సిలుతో గట్టిగా టిక్కు పెట్టింది. కాగితం చిరిగింది.

తల తిప్పితే గుమ్మంలో ఆయన ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. "అంత బాధగా ఉంటే అప్పుడే చెప్పొచ్చుగా" అన్నాడు మెల్లిగా.

"చెప్పాను. మూడు రోజులూ చెప్పాను. మీరు నాలుగో రోజు తెచ్చారు."

పాపం, చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషైతే నాకీ మాట అనడానికి ఆరేళ్ళు పట్టేది కాదేమో. నేను లేచి, మూడో బ్యాగులోంచి ఫ్లాస్కూ, ఛార్జరూ, బట్టలూ, దిండూ ఒక్కొక్కటిగా తీసి మంచం మీద ఆయన వైపు పెట్టాను. ఖాళీ బ్యాగు వాటి పక్కన పెట్టాను. "ఇది మీరు సర్దుకోండి. చిలక చదువుతుంది" అన్నాను. ఆయన ఛార్జరు చేతిలోకి తీసుకుని, దాన్ని ఎలా చుట్టాలా అని చూస్తూ నిలబడ్డాడు.

మధ్యాహ్నం భోజనానికి వదిన వచ్చింది, ఆయన అక్క, చిలకకి ఆ కథ చెప్పిన అత్త. మనిషి సరదా మనిషి, పుట్టబోయే బిడ్డకి తనే అల్లిన టోపీ తెచ్చింది. తిన్నాక అందరం హాల్లో కూర్చున్నాం. చిలక నా మోకాలికి ఆనుకుని కూర్చుంది. వదిన టోపీని వేళ్ళ మీద పెట్టి తిప్పుతూ, "ఈసారైనా మన బిడ్డని మనమే తెచ్చుకుందాం, మరదలు పక్క తొట్టె ముందు కూచుని శోకాలు పెట్టకుండా" అంది. అత్తయ్యకి అప్పుడే నవ్వొచ్చేసింది. "ఏమైందో తెలుసా ఆ రోజు" అంటూ వదిన సర్దుకుని కూర్చుంది. తెలియనివాళ్ళు ఆ గదిలో ఎవరూ లేరు. ఆయన కిందికి చూస్తున్నాడు. చిలక మాత్రం తలెత్తి నన్ను చూస్తోంది, పొద్దున్న తర్వాతి వరుస చదవకుండా ఆగి చూసినట్టే.

మెళ్ళో తాడు సవరించుకున్నాను. కొత్త కళ్ళజోడు అలవాటవ్వాలని అప్పటికే పెట్టుకున్నాను. ఈసారి అందరి మొహాలూ బాగా కనిపిస్తున్నాయి.

"ఆగండి వదినా, ఇవాళ ఈ కథ నేను చెప్తాను" అన్నాను. "ఇది ఆసుపత్రిలో మొదలవ్వలేదు. మన ఫ్రిజ్ మీద మొదలైంది."