కుట్టు నీటుగానే ఉంది

అత్తాకోడళ్ళం ఇద్దరం టైలర్లమే. ఒకే కొట్టు, రెండు మిషన్లు, రోజంతా వాదనలు. అందుకే నాకు సిజేరియన్ చేసి కుట్లు వేశామని డాక్టరమ్మ చెప్పగానే అందరూ కుదుటపడ్డారు గానీ నాకు మాత్రం గుండె జారిపోయింది. కుట్టు ఎలా ఊడుతుందో నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? షూ లేసు కట్టుకుందామని వంగిన ఓ పెద్దమనిషి ప్యాంటు మా కొట్టు గుమ్మంలోనే పర్రుమంది. ఒక్క పోగు తెగింది, మిగతావన్నీ దాని వెనకే పోయాయి. ఇప్పుడు ఆ ప్యాంటు స్థానంలో నేనున్నాను.

పాపేమో వరండా చివరి గదిలో ఉంది. ఊపిరి కాస్త వేగంగా తీస్తోందని పుట్టగానే అక్కడ పెట్టారు. భయమేం లేదన్నారు. నాకు ఒక్కసారి దూరం నుంచి చూపించి పట్టుకుపోయారు. మా ఆయన ఫోనులో ఫోటో తెచ్చాడు గానీ అందులో దుప్పటే ఎక్కువ కనిపించింది. నర్సులు ఎత్తుకున్నారు, ఆయన ఎత్తుకున్నాడు, అత్తయ్య కూడా ఎత్తుకుంది. నేనెవరో తెలియకుండానే అది అందరికీ అలవాటు పడిపోతుందని నా ఏడుపు.

"చక్రాల కుర్చీ ఇప్పించండి సిస్టర్," అని బతిమాలాను.

"ఇవ్వను. నీ కాళ్ళు లక్షణంగా ఉన్నాయి. నడిస్తేనే ఒళ్ళు కోలుకునేది," అంది పెద్ద నర్సు. "పొట్టకి దిండు అదిమిపెట్టుకో, పక్కకి తిరుగు, కాళ్ళు కిందికి వదులు, లే. పిల్ల దగ్గరికి నేనే తీసుకెళ్తా."

పక్కకి తిరిగేదాకా బాగానే ఉండేది. లేవబోయేసరికి ప్యాంటు గుర్తొచ్చి మళ్ళీ పడుకునేదాన్ని. పొద్దుట్నుంచీ ఇదే తంతు. తుమ్ము వస్తే ముక్కు నలుపుకున్నాను, దగ్గు మింగేశాను. నవ్వించే మనిషని మా ఆయన్ని గదిలోంచి తరిమేశాను. ఆయన తలుపు సందులోంచి ఏడుపు మొహం పెట్టి చూస్తుంటే ఇంకా నవ్వొచ్చేది.

అప్పుడే డాక్టరమ్మ కట్టు మార్చడానికి వచ్చింది, వెనకాలే అత్తయ్య. కొట్టులోంచి పరుగున వచ్చినట్టుంది, మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. కట్టు విప్పగానే అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని వంగింది.

"కుట్టు నీటుగానే ఉంది," అంది, నా కుట్టుని ఒక్కనాడూ మెచ్చుకోని మనిషి. "ఊడదు కదా?"

"ఊడదమ్మా," అంది డాక్టరమ్మ కొత్త కట్టు వేస్తూ. "పైకి కనిపించేది ఒక్కటే. లోపల పొర పొరకీ వేరేగా వేశాను. నడవొచ్చు, నవ్వొచ్చు. పిల్లకంటే బరువైనవి మాత్రం ఎత్తకూడదు."

అత్తయ్యకి ఇంకా ఏదో తేలలేదు. బట్ట తెచ్చిన కస్టమరుతో మాట్లాడే గొంతుతో అడిగింది.

"మరి ఇంకో కాన్పుకి విప్పాల్సొస్తే, లోపల మార్జిన్ వదిలారా?"

డాక్టరమ్మ కట్టు వేయడం ఆపి అత్తయ్య మెడలోని టేపు వైపు చూసింది. "మామూలుగా ఎంత వదులుతారండీ?" అంది.

"రెండు వైపులా అంగుళమన్నా వదలాలి. ఒళ్ళు చేసే వయసు కదా!"

అంతే. నవ్వు తన్నుకొచ్చింది. "అమ్మో, ఆపండి, చస్తాను!" అంటూ దిండు హత్తుకుని నవ్వాను. నర్సు నవ్వింది, డాక్టరమ్మ గోడవైపు తిరిగి నవ్వింది, తలుపు అవతల మా ఆయన పడీ పడీ నవ్వాడు. "నేనేం తప్పడిగానని?" అని అత్తయ్య కోప్పడేసరికి మరీ ఎక్కువైంది. పొట్ట భగ్గున మండింది గానీ పర్రుమన్న చప్పుడు మాత్రం రాలేదు. కళ్ళు తుడుచుకుని చూసుకుంటే నా పాదాలు నేలమీదున్నాయి. ఎప్పుడు లేచి కూర్చున్నానో నాకే తెలియదు.

"పదండి సిస్టర్, మళ్ళీ భయం వేసేలోపు!"

నడుం వంచి, గోడ పట్టుకుని, మధ్యమధ్య కిసుక్కుమంటూ, కిసుక్కుమన్నప్పుడల్లా అబ్బా అనుకుంటూ వరండా దాటాను.

పాప గుక్కపట్టి ఏడుస్తోంది. ఊపిరి బాగుపడిందని చెప్పి నర్సు దాన్ని ఎత్తి నా గుండెల మీద పెట్టింది. ఎర్రటి మొహం, బిగించిన గుప్పిళ్ళు, ఒకటే అరుపు. ఏమనాలో తోచక, ఆలస్యమైందని కేకలేసే కస్టమర్లతో రోజూ అనే మాటే నోట్లోంచి వచ్చేసింది.

"అయిపోయింది, అయిపోయింది! అరవకండి, వచ్చేశా కదా!"

అది టక్కున ఏడుపు ఆపింది. మొహం నావైపు తిప్పింది. తొమ్మిది నెలలు మిషను ముందు నా కడుపులో కూర్చుని ఈ గొంతే విన్నది మరి. నేనెవరో దానికి ముందే తెలుసు.